ఇంగ్లీషు సినిమాకు ఇంటర్వెల్ ఎక్కడ

నాకింకా ముప్ఫై నిండలేదు. ఉద్యోగ జ్ఞాపకాలు రాసే వయసు కాదని తెలుసు. కానీ నా మొదటి ఉద్యోగం నాకంటే ముందే రిటైరైంది. ఆదోనిలో ఒక సినిమా హాల్లో నాలుగేళ్లు డిజిటల్ ప్రొజెక్టర్ ఆపరేటరుగా పనిచేశాను. ఇప్పుడు ఆ క్యాబిన్‌లో మనిషి లేడు. బొమ్మ ఎప్పుడు మొదలవ్వాలో, లైట్లు ఎప్పుడు ఆరాలో వేరే ఊళ్లోని కంప్యూటరు చెబుతోంది. నేను ఒక సోలార్ ప్లాంటులో ఇన్వర్టర్లు చూసుకుంటున్నాను.

మన పాలిటెక్నిక్ పత్రికవాళ్లు, ఉద్యోగంలో గర్వంగా చెప్పుకునే రోజు ఒకటి రాసిమ్మని అడిగారు. ఇన్వర్టర్ల మధ్య అలాంటి రోజు ఇంకా రాలేదు. అందుకని పాత క్యాబిన్‌లోకి వెళ్లి ఒకటి తెస్తున్నాను. ఇది చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎక్కువమంది ఎలక్ట్రానిక్స్ వాళ్లే కాబట్టి ముందే ఒక మాట. ఇందులో నేను చేసిన తప్పు ఒకటుంది. అది లేకపోతే ఆ గర్వపడే రోజు కూడా లేదు.

మా యజమానిది ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే కుటుంబం. అందరూ ఆయన్ని సావుకారు అనేవారు. ఆయనకు రెండు హాళ్లు. ఆదోనిలోది బాగానే నడిచేది. ఎమ్మిగనూరులోది చిన్నది, మూడు వందల ఇరవై కుర్చీలు, అప్పటికి ఏడాదిగా మూతపడి ఉంది. పత్తి వచ్చే కాలం దగ్గరపడుతోంది. బేళ్లు పెట్టుకోవడానికి చోటు చాలక, కుర్చీలు పీకేసి ఆ హాలును గోడౌన్ చేద్దామని సావుకారు అనుకున్నారు.

ఆ మాట విని ఎమ్మిగనూరు ఆపరేటరు ఆదోనికి వచ్చాడు. ఆయన మగ్గం నేసే ఇంట్లో పుట్టి, మగ్గం వదిలి, రీళ్ల కాలంలో క్యాబిన్‌లోకి ఎక్కినవాడు. నలభై ఏళ్లు అక్కడే. నేను ఆయన్ని అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను ఇంజనీరప్పా అని పిలిచేవాడు. నేను డిప్లొమా మాత్రమే చదివానని రెండుసార్లు చెప్పాను. "దాంట్లో ఏముందిలే ఇంజనీరప్పా" అన్నాడు.

సావుకారు గదిలో నిలబడి ఆయన అడిగింది ఇది. "అయ్యా, కుర్చీలు పీకేది యా పొద్దైనా పీకచ్చు. ఒక్క వారం ఇడ్సిపెట్టండి. పొద్దున ఆట ఏస్తాము. తొంభైల్లో వచ్చిన ఇంగ్లీషు సినిమాలు, తెలుగు మాటలయి. అప్పుడు ఎమ్మిగనూరు సంతకొచ్చినోళ్లంతా ఎగబడి చూసినారు."

"అప్పుడు చూసినోళ్లకు ఇప్పుడు మోకాళ్ల నొప్పులప్పా" అన్నారు సావుకారు.

"కూర్చుని చూసేదే గదయ్యా. పరిగెత్తమంటాండామా?"

సావుకారు నవ్వారు. నవ్వితే ఆయన సగం ఒప్పుకున్నట్టే. షరతు మాత్రం గట్టిగా పెట్టారు. ఏడు రోజులు, రోజుకు ఒక ఆట. మొదటి మూడు రోజులు ఒక సినిమా, తర్వాతి నాలుగు రోజులు ఒకటి. ఏడో రోజుకు సగం కుర్చీలైనా నిండితే హాలు ఉంటుంది. లేకపోతే ఎనిమిదో రోజు కుర్చీలు లేస్తాయి. సినిమాలు ఎంచడానికి మా ఇద్దర్నీ వేశారు. డిస్ట్రిబ్యూటరు దగ్గర ఆ దశాబ్దపు డబ్బింగ్ సినిమాలు పద్నాలుగు దొరికాయి. అన్నీ అమెరికావే.

నేను పద్నాలుగూ పూర్తిగా చూశాను. ఈ మాట గట్టిగా చెప్పుకుంటాను. పేర్లు పడే దగ్గర నుంచి చివరి పేర్ల దాకా, లాప్‌టాప్ మీద, మంచి హెడ్‌ఫోన్లతో, ఒక్కటీ ముందుకు నెట్టకుండా చూశాను. ఐదు గడుల పట్టిక వేశాను. చిత్రం స్పష్టత, శబ్దం, డబ్బింగ్ మాట పెదవులకు అతకడం, కథ వేగం, గ్రాఫిక్స్. ఒక్కోదానికి పది మార్కులు, మొత్తం యాభై. మొదటి స్థానం అంతరిక్ష నౌక సినిమాకు వచ్చింది, నలభై ఆరు. నౌక గోడకు చిల్లి పడి గాలి పోతూ ఉంటే లోపల ఐదుగురు చిక్కుకుపోతారు. రెండోది ఆనకట్ట తెగే సినిమా. మూడోది కోర్టు సినిమా, శబ్దం బాగా లేకపోయినా కథ బిగువు. ఇలా దిగుతూ వెళ్తే పన్నెండో స్థానంలో బోరుబావి సినిమా. అమెరికాలో ఏదో మెట్ట ప్రాంతం. వానల్లేవు. ఒక రైతు బోరు బండిని పిలిపించి నీళ్ల కోసం చోటు మార్చి చోటు వేయిస్తాడు. గ్రాఫిక్స్ సున్నా. తుపాకీ ఒక్కసారి కూడా పేలదు. ఇరవై ఒక్క మార్కులు వేశాను. ఉదారంగా వేశాననే అనుకున్నాను.

అన్న పద్ధతి వేరు. ఆయన ఎమ్మిగనూరు హాల్లో ఒక్కో సినిమాను పెద్ద తెర మీదే వేసుకున్నాడు, శబ్దం లేకుండా. క్యాబిన్ అద్దంలోంచి చూశాడు. నలభై ఏళ్లు మెషిను చప్పుడులో సినిమాలు చూసినవాడికి మాటలు వినపడటం అలవాటు లేదట. చూసి క్యాబిన్ గోడ మీద సుద్దతో గీత గీసేవాడు.

ఆ గీతలేమిటని అడిగాను.

"యాడ ఆపాల్నో చూస్తాండా" అన్నాడు.

ఇక్కడ మా పని సంగతి ఒకటి చెప్పాలి. మన సినిమాకు ఇంటర్వెల్ దర్శకుడే పెడతాడు. అమెరికా సినిమాకు ఉండదు. వాళ్లు ఏకబిగిన కూర్చుని, అయిపోయాక లేచి వెళ్తారు. మన హాలుకు క్యాంటీను ఉంది, మన జనానికి మధ్యలో లేచే అలవాటుంది. కాబట్టి ఎక్కడో ఒకచోట ఆపాలి. ఆ చోటును ఎంచేది ఆపరేటరు. తెర మీద పేరు పడదు, ఎవరూ అడగరు. కానీ ఆ ఒక్క నిర్ణయం మాత్రం పూర్తిగా మాదే.

అన్న లెక్కలో సినిమాలు మూడు రకాలు. "ఇదో చూడు. యాడైనా ఆపేదానికి వీలయ్యే సినిమా ఉంటాది. అది ఉత్తది. దాన్ని ఆపినా ఒకటే, ఆపకున్నా ఒకటే. యాడా ఆపలేని సినిమా ఉంటాది. అది మంచిదే, గానీ మన క్యాంటీను అక్క తిడతాది. ఒక్కసోటే ఆపేదానికయ్యే సినిమా ఉంటాది సూడు, అది అన్నిటికన్నా మంచిది."

ఆయన లెక్కలో మొదటిది బోరు సినిమా. నా అంతరిక్ష నౌక తొమ్మిదోది. "యాడైనా ఆపచ్చు. గాలి పోతాండాది, పోతాండాది, పోతానే ఉండాది" అన్నాడు.

ఇద్దరి పట్టికలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. కోర్టు సినిమా ఒక్కటే ఇద్దరికీ మూడోది. మిగతా పదమూడింటిలో ఎక్కడా పొత్తు కుదరలేదు. చివరికి తేల్చుకున్నది, మొదటి మూడు రోజులు నా మొదటి సినిమా, తర్వాతి నాలుగు రోజులు ఆయన మొదటి సినిమా అని. నన్ను ఆ వారానికి ఎమ్మిగనూరు పంపారు. పొద్దున్నే ఆదోనిలో బస్సెక్కి వెళ్లేవాణ్ణి.

మొదటి రోజు నా నౌకకు నూట నలభై మంది వచ్చారు. రెండో రోజు తొంభై. మూడో రోజు నలభై ఒకటి. మూడో రోజు బయటికి వస్తున్న ఒక కుర్రకారు గుంపును ఎలా ఉందని అడిగాను. "బాగుందిలేన్నా. ఇట్లాంటియి ఫోన్లో రోజూ చూస్తాండాము" అన్నారు. నలభై ఆరు మార్కుల సినిమాకు అదీ తీర్పు. అన్న ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

నాలుగో రోజు ఆయన సినిమా. పోస్టరు ఆయనే రాయించాడు. హీరో మొహం తీసేసి బోరు బండిని పెద్దగా వేయించి, కింద ఒక్క ముక్క రాయించాడు. 'నీళ్లు పడతాయా?' ఆ రోజు సంత. నూట పద్దెనిమిది మంది వచ్చారు. చాలామంది పల్లెల వాళ్లు, సగానికి పైగా నడి వయసు వాళ్లు, భుజం మీద తువ్వాలు. సినిమా మొదలైన పది నిమిషాలకే హాల్లోంచి మాటలు పైకి వినిపించసాగాయి. నేను అవి గొడవ అనుకున్నాను.

ఇప్పుడు నా తప్పు. సర్వర్‌లో ఇంటర్వెల్ పెట్టడమంటే, సినిమాలో ఒక క్షణాన్ని ఎంచి అక్కడ గుర్తు పెట్టడం. గుర్తు దగ్గరికి రాగానే బొమ్మ ఆగుతుంది, లైట్లు వెలుగుతాయి. నేను ఆ సినిమా నిడివి చూశాను. నూట పదహారు నిమిషాలు. రెండుతో భాగించాను. యాభై ఎనిమిది. గుర్తు పెట్టేశాను. అక్కడ తెర మీద ఏముందో చూడలేదు. లాప్‌టాప్ మీద ఒకసారి చూసిందే కదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే, నా సినిమా ఓడిపోయింది, ఆయన సినిమాకు నేనెందుకు చెమటోడ్చాలి అన్న మంట లోపల ఉంది. 'విశ్రాంతి' అని తెర మీద పడే పలకను ఆ హాలు పాత సర్వరు తీసుకోలేదు. దాన్ని సరిచేయడానికి పావుగంట పడుతుంది. లైట్లు వెలిగితే జనానికి తెలియదా అని వదిలేశాను.

యాభై ఎనిమిదో నిమిషంలో ఏముందంటే, మూడో బోరు కూడా ఎండిపోతుంది. బోరు బండివాడు పైపులు సర్దుకుని వెళ్లిపోతాడు. రైతు ఒక్కడే ఆ దుమ్ములో కూర్చుంటాడు. కెమెరా మెల్లగా పైకి లేస్తుంది. సంగీతం వస్తుంది. ఆకాశం. సరిగ్గా అక్కడ నా గుర్తు. తెర నల్లబడింది. లైట్లు వెలిగాయి. గేటు మనిషి అలవాటుగా తలుపులు తీశాడు.

రెండు నిమిషాల తర్వాత క్యాంటీను అక్క క్యాబిన్ మెట్లెక్కి వచ్చింది. ఆమెది మద్దికెర వైపు పల్లె. బొరుగులతో ఉగ్గాని, బజ్జీ చేసి అమ్మేది. చేతిలో గరిటె అలాగే ఉంది.

"ఏమప్పా, ఇంత మందికి ఉగ్గాని కలిపి పెట్టినా. ఒక్కడూ నిలబల్లేదు. అందరూ ఎళ్లిపోతాండారు. సినిమా ఐపోయిందా?"

"ఇంటర్వెల్ అక్కా."

"ఎవురు సెప్పినారు వాళ్లకు?"

కిందికి పరుగెత్తాను. ఆవరణ దాటి వీధిలోకి వెళ్లిపోతున్నారు. ఒక పెద్దాయన కళ్లు తుడుచుకుంటున్నాడు. ఇంకొకాయన గేటు మనిషి మీద మండిపడుతున్నాడు. "ఇంటికాడ మూడు బోర్లు ఎండినాయని బాధపడి సంతకొస్తే, ఈడ కూడా ఎండిపోయే బోరే సూపిస్తారా? అమెరికాలో గూడా నీళ్లు పడలేదంట సూడు!"

నేను అరిచాను, ఇంకా సగం ఉందని. ఎవరూ వెనక్కి తిరగలేదు. సంత హడావిడిలో నా గొంతు ఎవరికి వినపడుతుంది? రెండో సగానికి హాల్లో పదకొండు మంది మిగిలారు. అందులో ఇద్దరు నిద్రపోతున్నారు.

అన్న నన్ను తిట్టలేదు. ఆట అయ్యాక క్యాబిన్‌లోకి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"యాభై ఎనిమిది ఏంటికి పెట్టినావు?"

"సగం అన్నా."

"సగం అంటే గడియారానికి సగం. సినిమాకు సగం యాడుందో సూసినావా?"

చూడలేదని చెప్పాను. పలక విషయం కూడా చెప్పాను. మంట విషయం కూడా చెప్పాను. అది చెప్పేటప్పుడు తల దించుకున్నాను.

"పలక పెట్టినా పోయేవాళ్లేప్పా" అన్నాడు ఆయన. "మనసుకు ఐపోయినాక కాళ్లు నిలబడవు."

"నీకు తెలుసు కదన్నా ఎక్కడ ఆపాలో. గోడ మీద గీత కూడా గీశావు. నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగినావా?"

నేను గోడ మీది గీతల వైపు చూశాను. మళ్లీ ఆయనే అన్నాడు. "నా గీత గూడా సరిగ్గా లేదులే. అప్పట్లో రీలు అయిపోయే సోట ఆపేవాళ్లము. రీలు యాడ తెగితే ఆడ. మాకు వేరే దారి లేదు. నీకు రీలు లేదు గదా. యా సెకనులోనైనా ఆపుకోవచ్చు. ఎతుక్కో."

ముందు చేయాల్సినది మాత్రం ఆదోని వెళ్లి సావుకారుకు చెప్పడం. ఊరంతా 'నీళ్లు పడని సినిమా' అని చెప్పుకుంటే మర్నాడు ఎవరూ రారు. ఇద్దరం మధ్యాహ్నపు బస్సెక్కాం.  ఆదోని దగ్గరపడ్డాక అన్న ఒక మాట చెప్పాడు. "తప్పు ఎవురిది అని అడిగితే ఇద్దరిదీ అని చెప్పు."

సావుకారు మంత్రాలయం బయలుదేరబోతూ ఉన్నారు. కారు తలుపు తీసి ఉంది. నేను నిలబడి, అన్న చెప్పినట్టు కాకుండా జరిగినట్టు చెప్పాను. నిడివి, భాగహారం, పలక, పావుగంట, నా మంట, ఆ పెద్దాయన కన్నీళ్లు. వరసగా, ఒక్కటీ వదలకుండా. 

"సగం సినిమాకే ఏడ్సినారా జనం?" అన్నారు సావుకారు.

"ఏడ్చినారయ్యా" అన్నాడు అన్న.

"అట్లైతే మిగతా సగం సూపించండి. ఈ పొద్దు వచ్చినోళ్లను రేపు ఊరికే రానీండి." కారెక్కుతూ ఆగి నన్ను చూసి, "నువ్వు మార్కులు ఏసినావంట గదా, ఆ సినిమాకెన్ని?" అని అడిగారు.

"ఇరవై ఒకటి సార్. యాభైకి."

ఆయన నవ్వుతూనే వెళ్లారు. ఆ నవ్వులో సగం ఒప్పుకోలు ఉందో లేదో నాకు తెలియలేదు.

తిరిగి ఎమ్మిగనూరు చేరేసరికి ఎండ ఇంకా ఉంది. అన్న ప్రచారం ఆటో కోసం వెళ్లాడు. నేను మొదట పలక సరిచేశాను. సరిగ్గా పావుగంట పట్టింది. తర్వాత ఖాళీ హాల్లో సినిమా వేశాను, ఈసారి శబ్దంతో, పెద్ద తెర మీద. ఎక్కడ ఆపాలో ఎలా వెతకాలో నాకు తెలియదు. గడియారం వద్దనుకున్నాను, అంతే.

క్యాంటీను అక్క మిగిలిపోయిన ఉగ్గాని పళ్లెంలో పెట్టుకుని లోపలికి వచ్చి ఒక వరసలో కూర్చుంది. "పొద్దున నా ఉగ్గాని పాడుజేసిన సినిమా ఏందో సూస్తా" అంది.

నేను క్యాబిన్‌లోంచి తెరను చూస్తున్నాను. కాసేపటికి తెరను వదిలేసి ఆమెను చూడడం మొదలుపెట్టాను. తెర మీద బోరు దిగుతుంటే ఆమె తినడం ఆపేది. బండివాడు బేరమాడితే "దొంగనాయాలు" అనేది. మొదటి బోరు పోయినప్పుడు పళ్లెం పక్కన పెట్టింది. మూడో బోరు దగ్గర, గొట్టం పైకి వస్తుంది. దాని చివర మట్టి. ఆ మట్టి పొడిగా లేదు. నల్లగా, ముద్దగా ఉంది. రైతు వంగి దాన్ని చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. అప్పుడు అక్క లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు. ఆ రంగు సరిగ్గా చూడాలని రెండడుగులు ముందుకు కూడా వేసింది.

నేను ఆపాను. నలభై తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లు.

ఆమె వెనక్కి తిరిగి కేకేసింది. "ఏయ్, ఏంటికి ఆపినావు? తడి తగిలింది గదా! ఎయ్యి, ఎయ్యి!"

"అక్కా, ఇప్పుడు ఇంటికి పోతావా?"

"యాడికి పోతా? నీళ్లు పడతాయో లేదో సూడకుండా యాడికి పోతా?"

ఆమే చెప్పింది. ఊళ్లో వాళ్ల చేన్లో మూడు బోర్లు వేశారట. మూడోది తడి మట్టి చూపించిందట. ఆ సాయంత్రం ఇంట్లో పాయసం వండారట. మర్నాటికి గొట్టం దుమ్ముతో పైకొచ్చిందట. ఆమె భర్త ఇప్పుడు బెంగళూరులో ఉన్నాడు. ఆమె ఇక్కడ ఉగ్గాని చేస్తోంది. ఇదంతా ఆమె మామూలుగా, పళ్లెం సర్దుకుంటూ చెప్పింది.

నా పట్టికలో కథ వేగం కింద ఆ సినిమాకు మూడు మార్కులున్నాయి. కాగితం తీసి ఆ మూడును కొట్టేశాను. ఎంత వేయాలో తెలియక ఖాళీగా వదిలేశాను. గుర్తును యాభై ఎనిమిది నుంచి తీసి నలభై తొమ్మిది ఇరవైకి మార్చాను.

మర్నాడు పొద్దున ఎనిమిది నుంచే ఆటో ఊరంతా తిరిగింది. మైకులో అన్న గొంతు. "నిన్న సినిమా సూసినోళ్లందరికీ మనవి. నిన్న మీరు సూసింది సగమే. ఇంకా సగం ఉండాది. తప్పు మాదే. టికెట్టు ముక్క తెస్తే సాలు, ఊరికే రావచ్చు. ముక్క పారేసినోళ్లు మొకం తెచ్చుకోండి, మా గేటుమనిషి గుర్తుపడతాడు. నీళ్లు పడినాయా లేదా, వచ్చి సూడండి."

టికెట్టు ముక్కలతో వచ్చినవాళ్లు తొమ్మిది మంది. మొహాలతో వచ్చినవాళ్లు డెబ్బై పైగా. గేటు మనిషి ఒక్కో మొహాన్నీ చూసి, "నువ్వు మూడో వరస, దగ్గుతాంటివి. పో. నువ్వు యాడివాడివప్పా? నిన్న నువ్వు రాలేదు, టికెట్టు తీసుకో" అని పంపుతున్నాడు. ఆటో విని కొత్తగా వచ్చినవాళ్లు ఉన్నారు. మొత్తం రెండు వందల ఏడు. సగం దాటింది. కానీ వచ్చినవాళ్లు ఉండాలి కదా. నిన్న కూడా వచ్చారు.

అన్న ఆ రోజు క్యాబిన్‌లోకి రాలేదు. "నీ ఆట నువ్వు నడుపు" అని కింద గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తెర వైపు కాదు, జనం వైపు తిరిగి.

నలభై ఎనిమిదో నిమిషం వచ్చింది. సర్వరు దానంతట అదే ఆపుతుంది, నేను ఏమీ నొక్కనక్కర్లేదు. అయినా వేలు బటను మీదే ఉంచాను. గొట్టం పైకొచ్చింది. మట్టి. రైతు వంగాడు. హాల్లో ఎవరో "తడి!" అన్నారు. చేతిలోకి తీసుకున్నాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆగింది. 'విశ్రాంతి' పడింది. లైట్లు.

 హాలంతా ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టింది. బయటికి పోలేదు. వరసల్లో నిలబడే, వెనక్కి తిరిగి వాదించుకున్నారు. ఉగ్గాని పొట్లాలు లోపలికే తెప్పించుకున్నారు.

"నేను నిన్న సూసినా. ఆ తడిని నమ్మొద్దప్పా, ఎండిపోతాది."

"నిన్న సూసినోడివి మల్లా ఏంటికి వచ్చినావు?"

"తర్వాత ఏమైతాదో సూడాల గదా!"

"నల్లమట్టి తడి ఉత్తదే. ఎర్రమట్టి ఐతే నమ్మచ్చు."

"అమెరికా మట్టి నీకేం తెలుసునప్పా?"

"మట్టి యాడైనా మట్టే."

కింద అన్న తల పైకెత్తి క్యాబిన్ అద్దం వైపు చూశాడు.  తువ్వాలు భుజం మార్చుకున్నాడు. నాకది చాలు.

రెండో సగంలో ఏం జరుగుతుందో చెప్పను. మీరెప్పుడైనా చూస్తే చూడండి. ఒక్కటి చెప్పగలను. ఆఖరి పది నిమిషాల్లో హాల్లో దగ్గు కూడా వినపడలేదు. పేర్లు పడడం మొదలయ్యాక కూడా అటూ ఇటూ చూసుకుని, నిజంగా అయిపోయిందని గేటు మనిషి కేకేస్తే గానీ లేవలేదు. ఒక్కసారి మోసపోయారు కదా మరి.

ఆరో రోజు రెండు వందల అరవై. ఏడో రోజు క్యాంటీను బెంచీలు లోపలికి మోయాల్సి వచ్చింది. ఎనిమిదో రోజు సావుకారు వచ్చి హాలు మధ్యలో నిలబడి కుర్చీల్ని చూశారు. పత్తికి వేరే చోటు చూసుకుంటానన్నారు. ఆ హాలు ఇప్పటికీ నడుస్తోంది. కుర్చీలు ఇప్పటికీ కిర్రుమంటున్నాయట.

ఆ పద్నాలుగు సినిమాల పట్టిక నా దగ్గర ఉంది. తర్వాతి కాలంలో వాటిలో ఎనిమిదింటిని పొద్దున ఆటలుగా వేశాం, అన్నిటికీ ఇంటర్వెల్ నేనే పెట్టాను. ఆరో గడి ఒకటి చేర్చాను. చూస్తున్నవాళ్లు తెలియకుండా ఏ నిమిషంలో ముందుకు వంగారు అన్నది. ఆ గడితో కలిపితే అంతరిక్ష నౌక నాలుగో స్థానానికి దిగింది. శబ్దంలో మాత్రం అది ఇప్పటికీ మొదటిదే. ఆ మాట మీద ఎవరితోనైనా వాదిస్తాను. బోరు సినిమా కథ వేగం గడి ఇంకా ఖాళీగానే ఉంది.

నేను గర్వపడే రోజు ఏదంటే ఏడో రోజనుకుంటారు మీరు. కాదు. ఐదో రోజు, ఆట అయ్యాక. నేను ఆదోని బస్సు కోసం ఎమ్మిగనూరు బస్టాండులో నిలబడ్డాను. పక్కన సి.బెళగల్ బస్సు కోసం ఇద్దరు రైతులు కూర్చున్నారు. పొద్దున హాల్లో ఉన్నవాళ్లే. ఎర్రమట్టి, నల్లమట్టి వాదన ఇంకా తెగలేదు. వాళ్లలో పెద్దాయన చివరికి విసుగ్గా చెయ్యి ఊపాడు.

"మట్టి సంగతి ఇడ్సిపెట్టు. సరిగ్గా ఆ తడి సూపించి ఆడ ఆపినాడు సూడు, ఆపినోడెవుడో గానీ, వాడు కచ్చితంగా బోరు ఏసి ఎండబెట్టుకున్నోడే."

రెండోవాడు తల ఊపాడు. "అవునప్పా. లేకుంటే వాడికి తెలీదు."

నా బస్సు వచ్చింది. మాకు సెంటు భూమి కూడా లేదని వాళ్లకు చెప్పలేదు. ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, ఆదోని దాకా ఆ మాటే మళ్లీ మళ్లీ అనుకుంటూ వెళ్లాను.